ఉండబోయే చోటు గురించి అంకెలు ఏం చెబుతాయి: హైదరాబాద్‌లో ఇల్లు చూసేవారికి

2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి రంగారెడ్డి జిల్లాలో చదరపు కిలోమీటరుకు 707 మంది నివసించేవారు. ఆ జిల్లా నడుమ ఉన్న హైదరాబాద్ జిల్లాలో ఆ సంఖ్య 18,172. ఈ రెండు అంకెలను మాత్రమే చూసినవారు రంగారెడ్డి జిల్లాలో ఎక్కడ ఇల్లు తీసుకున్నా గాలీ వెలుతురూ పుష్కలంగా ఉంటాయని అనుకుంటారు. కానీ ఆనాటి రంగారెడ్డి జిల్లాలో కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, మల్కాజిగిరి, ఎల్బీనగర్ ఉన్నాయి, తాండూరు కందిచేలూ ఉన్నాయి. అపార్టుమెంట్లు కిక్కిరిసిన కాలనీలను, ఊరికీ ఊరికీ మధ్య మైళ్ల కొద్దీ పరచుకున్న పొలాలను కలిపి భాగిస్తే వచ్చిన అంకె అది. లెక్క తప్పు కాదు, అయినా ఆ జిల్లాలో ఏ ఒక్క వీధికీ అది వర్తించదు.

ఒక ప్రాంతం గురించి మీ చేతికి వచ్చే దాదాపు ప్రతి అంకెలోనూ ఈ చిక్కే ఉంటుంది. అందువల్ల దేనినైనా నమ్మే ముందు దానిని మూడు ప్రశ్నలు అడగాలి. అది ఏ హద్దుల లోపల తీసిన లెక్క? ఏ కాలానిది? ఎంతమందిలో, లేదా ఎన్నింటిలో అంత? అద్దెకు చూస్తున్నా, జీవితకాలపు పొదుపుతో కొంటున్నా, ఈ మూడింటికీ జవాబు దొరకని అంకెను మీ నిర్ణయంలోకి రానివ్వకండి.

మొదట మీ ఇంటి అవసరాలను రాసుకోండి

అంకెల దగ్గరికి వెళ్లే ముందు ఒక కాగితం తీసుకుని, ఆ ఇంట్లో ఎవరెవరు ఉండబోతున్నారో, వారికి ఏ లోటు భరించలేనిదో రాయండి. ఉబ్బసం ఉన్న పెద్దవారు ఉంటే గాలి లెక్క ముందుకు వస్తుంది. రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా వచ్చే అమ్మాయి ఉంటే రాత్రివేళ రవాణా, వీధి దీపాలు ముందుకు వస్తాయి. బడికి వెళ్లే పిల్లలు లేని ఇంటికి బడుల లెక్కలతో పనే లేదు. ఈ కాగితం లేకుండా వెతకడం మొదలుపెడితే, సులభంగా దొరికే అంకెలే ముఖ్యమైనవిగా కనిపించడం మొదలవుతుంది. చదరపు అడుగు ధర ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. మే నెలలో ఆ వీధి బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉంటాయో ఏ ప్రకటనలోనూ ఉండదు.

ఇంటి హద్దులను తెలుసుకోండి

నగరాన్ని ప్రతి శాఖా తనకు నచ్చినట్లు కోసుకుంటుంది. జనాభా లెక్కలకు వార్డు ఆధారం, నేరాలకు పోలీస్ స్టేషన్ పరిధి, నీటికి జలమండలి డివిజన్, విద్యుత్తుకు సెక్షన్, భూములకు రెవెన్యూ గ్రామం, మండలం. ఒకే ఇల్లు ఇన్ని ముక్కల్లో ఉంటుంది, ఏ రెండింటి హద్దులూ ఒకటి కావు. కాబట్టి చూస్తున్న ప్రతి ఇంటికీ ఒక చీటీ రాసి పెట్టుకోండి. రెవెన్యూ గ్రామం, మండలం పేర్లు దస్తావేజులో ఉంటాయి, విద్యుత్ సెక్షన్ కరెంటు బిల్లు మీద ఉంటుంది, మిగిలినవి పక్కింటివారిని అడిగితే తెలుస్తాయి. వాడుకలో ఉన్న పేరు మీద ఆధారపడకండి. కొత్తగా కట్టిన అపార్టుమెంటుకు పక్కనున్న ఖరీదైన ప్రాంతం పేరు తగిలించి అమ్మడం ఈ నగరంలో మామూలే. దస్తావేజులోని ఊరి పేరు మాత్రం అలా మారదు.

హద్దులు కాలంతో పాటు కూడా మారాయి. 2007లో 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు పాత నగరపాలక సంస్థతో కలిసి గ్రేటర్ హైదరాబాద్ అయింది. 2016 అక్టోబరు 11న పాత రంగారెడ్డి జిల్లా మూడుగా విడిపోయి రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, వికారాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. ‘రంగారెడ్డి జిల్లాలో పదేళ్లలో ఇంత పెరిగింది’ అనే వాక్యం కనిపించినప్పుడు, పెరిగింది ఆ విషయమా లేక మారింది జిల్లా గీతా అని ముందు తేల్చుకోవాలి.

ఆ తరువాత తేదీ చూడండి

వార్డు స్థాయిలో కుటుంబాలు, తాగునీటి ఆధారం, మరుగుదొడ్డి, డ్రైనేజీ వంటి వివరాలు ఇచ్చే అతి పెద్ద లెక్క జనగణనే. చివరిసారి ఇళ్ల జాబితా 2010లో, జనాభా లెక్క 2011 ఫిబ్రవరిలో జరిగాయి. 2021లో జరగవలసినది వాయిదా పడింది, తదుపరి గణనకు 2027 మార్చి 1వ తేదీని ప్రామాణికంగా ప్రకటించారు. ఆ ఫలితాలు వార్డుల వారీగా మన చేతికి వచ్చేదాకా 2011 అంకెలే గతి. హిమాయత్‌నగర్, నల్లకుంట వంటి పాత నివాస ప్రాంతాలకు అవి ఇప్పటికీ కొంత ఉపయోగపడతాయి, ఎందుకంటే అక్కడి వీధులు, మురుగు కాలువలు అప్పటికే రూపు దిద్దుకున్నాయి. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వంటి చోట్లకు అవి చరిత్ర మాత్రమే. అక్కడ ఇప్పుడు నలభై అంతస్తుల భవనాలు లేస్తున్న నేల 2011లో ఎలా ఉందో తెలిస్తే మీ సంపులోకి వచ్చే నీటి గురించి ఏమీ తెలియదు.

అటువంటి కొత్త ప్రాంతాల్లో రేపటి జనాభాను అంచనా వేయడానికి ఒక మంచి మార్గం ఉంది, చాలామంది దానిని వాడుకోరు. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, 8కి మించిన ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టులు రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో, నమోదు కావాలి, ఆ వివరాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. మీరు చూస్తున్న ఇంటికి కిలోమీటరు చుట్టూ నమోదైన ప్రాజెక్టులన్నింటినీ తీసి, ఫ్లాట్ల సంఖ్యలను కూడండి. మొత్తం 4,000 వచ్చిందనుకుందాం. ఇంటికి ఒక్క కారు చొప్పున వేసుకున్నా, ఇప్పుడు ఖాళీగా కనిపిస్తున్న ఆ రోడ్డు మీదికి మరో 4,000 కార్లు రాబోతున్నాయని అర్థం.

నీళ్లు

నీటి విషయంలో ముందుగా మీ అవసరాన్ని లెక్క కట్టండి. భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు సరఫరా చేయాలన్నది మన దేశంలో ప్రణాళికలకు వాడే ప్రమాణం. నలుగురు ఉన్న ఇంటికి రోజుకు 540 లీటర్లు, నెలకు సుమారు 16,000 లీటర్లు అవుతుంది. ఇటువంటి 100 ఫ్లాట్లున్న భవనానికి రోజుకు 54,000 లీటర్లు కావాలి. జలమండలి సరఫరా ఆగి, బోరు కూడా ఎండిపోతే రోజుకు 5,000 లీటర్ల ట్యాంకర్లు పదకొండు రావాలి. వాటి ఖర్చు మెయింటెనెన్స్ బిల్లు రూపంలో మీ నెత్తినే పడుతుంది.

ఇప్పుడు సరఫరా వైపు చూడండి. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు నగరానికి వస్తున్నాయన్నది నిజమే, కానీ మీకు కావలసింది మీ వీధికి ఎన్ని రోజులకొకసారి, ఎన్ని గంటలు, ఎంత ఒత్తిడితో వస్తాయన్న సమాచారం. నగరం మొత్తానికి రోజుకు ఇన్ని కోట్ల లీటర్లన్న అంకె పైపులైను చివరి ఇంటికి ఏ ధైర్యమూ ఇవ్వదు. ఇరుగుపొరుగు ఇళ్ల నీటి బిల్లులు, అపార్టుమెంటు సంఘం గత ఏడాది నెలవారీగా కొన్న ట్యాంకర్ల లెక్క అడిగి తీసుకోండి. ఏడాది సగటు వద్దు, ఏప్రిల్, మే నెలల లెక్క విడిగా కావాలి. సగటున నెలకు 20 ట్యాంకర్లని చెప్పే సంఘంలో వర్షాకాలంలో అసలు ఒక్కటీ కొనకుండా, మేలో వందకు పైగా కొని ఉండవచ్చు.

భూగర్భ జలాల శాఖ తన పరిశీలక బావుల్లో నీటి మట్టాన్ని ప్రతి నెలా కొలిచి ప్రకటిస్తుంది. ఈ అంకె చదవడంలో పొరపాటు పడేవారు చాలామంది ఉన్నారు. అది నేల నుంచి నీళ్లు ఎన్ని మీటర్ల లోతున ఉన్నాయో చెబుతుంది కాబట్టి, అంకె పెరిగితే నీళ్లు తగ్గినట్టు. ఒక ఏడాది మే నెలను మరో ఏడాది మే నెలతోనే పోల్చండి. పైగా మనది గట్టి రాతి నేల. నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి కాబట్టి, పక్కపక్క స్థలాల్లో ఒక బోరులో నీళ్లు పడి మరొకటి పొడిబారి పోవడం మీరు వినే ఉంటారు. మండల స్థాయి అంకె దిశను చూపించగలదు, మీ బోరుకు హామీ ఇవ్వలేదు.

వాన, చెరువు, నాలా

ఈ భాగం దగ్గర మాత్రం తొందరపడవద్దని వేడుకుంటున్నాను, ఎందుకంటే మిగతా లోపాలకు కాలక్రమంలో సర్దుకోవచ్చు గానీ, నడిరాత్రి ఇంట్లోకి నడుం లోతు నీళ్లు వచ్చే చోట సర్దుకోవడానికి ఏమీ ఉండదు.

2020 అక్టోబరు 13న మొదలై మరుసటి ఉదయానికి ముగిసిన ఒక్క రోజు వానలో బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్లు నమోదైంది. అదే వ్యవధిలో ఘట్‌కేసర్ వైపు ఒక కొలమానంలో 32 సెంటీమీటర్లు దాటింది. ‘ఆ రోజు హైదరాబాద్‌లో ఎంత వాన పడింది?’ అనే ప్రశ్నకు ఒకే జవాబు లేదు. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ నడిపే ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు నగరమంతటా ఉన్నాయి. మీ ఇంటికి దగ్గరి కేంద్రం ఏదో చూసుకుని, పెద్ద వానలు పడిన రోజుల లెక్క తీసుకోండి. ఏడాది మొత్తం వర్షపాతం ఇక్కడ పనికిరాదు. 80 సెంటీమీటర్లు నాలుగు నెలల్లో పడితే చెరువులు నిండుతాయి, అందులో నాలుగో వంతు ఒక్క రాత్రిలో పడితే కాలనీలు నిండుతాయి.

అయితే వాన ఎంత పడిందన్నది సగం సంగతే. పడిన నీరు ఎటు పోతుందన్నది రెండో సగం. అదే నెలలో పాతబస్తీకి దక్షిణాన గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు హఫీజ్‌బాబా నగర్ మునిగింది. టోలీచౌకి దగ్గర షా హాతిం తలాబ్ పక్కన ఉన్న నదీం కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ ఇళ్లను ముంచింది వాటి మీద పడిన వాన కాదు, పైనుంచి దిగివచ్చిన నీరు. కాబట్టి మీరు చేయవలసిన పని ఇది. ఇంటికి ఎగువన ఏ చెరువులు ఉన్నాయో, వాటి అలుగు నీరు ఏ నాలా గుండా దిగువకు పోతుందో పటంలో గుర్తించండి. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చెరువుల జాబితాలో ఆ చెరువు పటం, దాని పూర్తి నీటిమట్టం గీత, అంటే ఎఫ్‌టీఎల్, ఉన్నాయేమో చూడండి. ఆ పటం ప్రాథమిక నోటిఫికేషన్ దశలో ఉందా, తుది నోటిఫికేషన్ అయిందా అన్నది తప్పకుండా గమనించండి, ఎందుకంటే ప్రాథమిక గీత తరువాత జరగవచ్చు. 2012 భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. బఫర్‌లో ఇల్లు కొన్నవారికి నీళ్ల భయం ఒకటి, కూల్చివేత భయం మరొకటి.

పేర్లు కూడా సాక్ష్యమే. కుంట, చెరువు, తలాబ్ అనే మాటలతో ముగిసే వీధి పేరు కనిపిస్తే ఆ నీళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయని అడగండి. మాసాబ్ ట్యాంక్‌లో ఇప్పుడు చెరువు లేదు, దాని చోట పార్కు ఉంది.

‘వందేళ్లకొకసారి వచ్చే వరద’ అన్న మాట మీకు వినిపిస్తుంది. నిన్న వచ్చింది కాబట్టి ఇక మనుమల కాలం దాకా రాదని దాని అర్థం కాదు. ప్రతి ఏడాదీ నూటికి ఒక వంతు అవకాశం ఉందని మాత్రమే. 20 ఏళ్ల గృహరుణం తీర్చే లోపల అటువంటి వరద ఒకసారైనా వచ్చే అవకాశం సుమారు 18 శాతం. పాతికేళ్లకొకసారి అనే స్థాయి వరదకైతే అదే 20 ఏళ్లలో సగానికి పైగా, అంటే 56 శాతం. ఇవి కూడా చెరువులు, నాలాలు ఇప్పుడున్నట్లే ఉంటాయని వేసుకున్న లెక్కలు. నాలా ఇరుకైతే పాత అంచనా చెల్లదు.

గాలి

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటంలో సనత్‌నగర్, జూపార్కు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరు ఇక్రిశాట్, బొల్లారం, పాశమైలారం వంటి చోట్ల ఉన్న కేంద్రాల కొలతలు గంటగంటకూ కనిపిస్తాయి. కేంద్రం నుంచి మీ ఇల్లు ఎంత దూరమో, మధ్యలో పరిశ్రమలు గానీ లారీలు తిరిగే రహదారి గానీ ఉన్నాయేమో ముందు చూసుకోండి. చెట్ల మధ్య విశ్వవిద్యాలయంలో ఉన్న కేంద్రం అంకె చూసి గచ్చిబౌలి కూడలి పక్కన ఫ్లాటు గాలి బాగుందనుకోవడం పొరపాటు.

గాలి నాణ్యత సూచీ, అంటే ఏక్యూఐ, అనే ఒక్క అంకె సగటు కాదు. కొలిచిన కాలుష్యకాల్లో దేని సూచీ అన్నింటికన్నా ఎక్కువగా ఉందో అదే మొత్తానికి సూచీ అవుతుంది. అందుకే రెండు ప్రాంతాల ఏక్యూఐ ఒకటే అయినా ఒకచోట కారణం రోడ్డు దుమ్ము, మరోచోట సన్నని పొగ కణాలు కావచ్చు. ఊపిరితిత్తులకు రెండోది ఎక్కువ చేటు. ఆ సన్నని కణాలను కొలిచే పీఎం 2.5 అంకెను విడిగా చూడండి. మన జాతీయ ప్రమాణం ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 5. ‘ప్రమాణాల లోపలే ఉంది’ అని ఎవరైనా అంటే ఏ ప్రమాణమో అడగండి. చలికాలంలో గాలి నేలకు దగ్గరగా నిలిచిపోయి అంకెలు పెరుగుతాయి, వానాకాలంలో కడిగినట్లు తగ్గుతాయి. కాబట్టి ఒక చోటి జులైని మరో చోటి డిసెంబరుతో పోల్చకండి. డంపింగ్ యార్డు వాసన ఈ సూచీలో ఎక్కడా ఉండదు, జవహర్‌నగర్ చుట్టుపక్కల ఇల్లు చూసేవారు సాయంత్రం గాలి ఎటు వీస్తుందో స్వయంగా వెళ్లి తెలుసుకోవలసిందే.

నేరాలు

నేరాల అంకె నిజానికి ఫిర్యాదుల అంకె. పోలీసులు నమోదు చేసిన కేసులే అందులో ఉంటాయి. ఫిర్యాదు తీసుకోవడంలో శ్రద్ధ చూపే స్టేషన్‌లో కేసులు పెరిగినట్లు కనిపిస్తాయి, బాధితులను నచ్చచెప్పి పంపే చోట తగ్గినట్లు కనిపిస్తాయి. జాతీయ నేర నమోదు సంస్థ ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా వాటిలో అతి తీవ్రమైన ఒక్కదానినే లెక్కిస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఎంతమందిలో అన్న ప్రశ్న ఇక్కడ మరీ ముఖ్యం. 20,000 మంది నివసించే ప్రాంతంలో 60 దొంగతనాలు, 80,000 మంది ఉన్న మరో చోట 120 జరిగాయనుకుందాం. మొత్తం చూస్తే రెండోది చెడ్డది, లక్ష మందికి లెక్క కడితే మొదటిచోట 300, రెండోచోట 150. ఇక్కడితో ఆగితే మళ్లీ తప్పే. మొదటి ప్రాంతంలో రైల్వే స్టేషనో, కోఠి వంటి బజారో ఉంటే రోజూ వచ్చిపోయే లక్షల మంది జేబులు కూడా అక్కడే పోతాయి, భాగించేటప్పుడు మాత్రం నివాసులనే లెక్కిస్తారు. అక్కడి లోపలి సందులో నివసించే కుటుంబానికి ఆ దొంగతనాలతో సంబంధం లేకపోవచ్చు. మరోవైపు చిన్న అంకెలు ఊగుతాయి. 400 ఇళ్ల కాలనీలో నిరుడు రెండు, ఈ ఏడాది నాలుగు చోరీలు జరిగితే ‘నూరు శాతం పెరుగుదల’ అని రాయవచ్చు, కానీ ఒకే దొంగ ఒకే వారంలో రెండిళ్లలో పడి ఉంటాడు. కనీసం మూడు, నాలుగేళ్ల అంకెలు కలిపి చూడండి, నేరాల రకాలను విడదీసి చూడండి. సైబర్ మోసం మీ వీధికి సంబంధించినది కాదు, గొలుసు దొంగతనం మీ వీధికి సంబంధించినదే. సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌లను ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి ఓపిక ఉంటే స్టేషన్ వారీగా చూసుకోవచ్చు.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. ‘ఫలానా వాళ్లు ఎక్కువగా ఉంటారు, అందుకే ఆ ప్రాంతం మంచిది కాదు’ అని చెప్పేవారు అంకెలు చెప్పడం లేదు, తమ మనసులోని భయాన్ని చెబుతున్నారు. జనగణన పట్టికలోని కులం, మతం వరుసల నుంచి భద్రతను ఊహించడం లెక్కగా చూసినా తప్పు, మనిషిగా చూసినా తప్పు. ఏ బస్తీ పేరు మీదనైనా అటువంటి ముద్ర పడితే అక్కడి పిల్లలకు అద్దె ఇల్లు దొరకడం కూడా కష్టమవుతుంది.

బడి, దారి

బడుల విషయం త్వరగా తేలుతుంది. ప్రభుత్వ బడుల సమాచార వ్యవస్థలో ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, దానితో ఆ బడిలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది ఉపాధ్యాయులు, ఎన్ని గదులు, మరుగుదొడ్లు ఉన్నాయో చూడవచ్చు. విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మందికి ఒక ఉపాధ్యాయుణ్ణి, ప్రాథమికోన్నత స్థాయిలో 35 మందికి ఒకరిని కోరుతుంది. ఉత్తీర్ణత శాతం ప్రకటనల్లో మాత్రం ఎంతమంది చేరి, ఎంతమంది పరీక్ష రాసే దాకా మిగిలారో అడగండి. వెనుకబడిన పిల్లలను తొమ్మిదో తరగతిలోనే పంపించివేస్తే పదో తరగతిలో నూటికి నూరు సాధించడం కష్టం కాదు.

దారి గురించి కిలోమీటర్లు అడగకండి, నిమిషాలు అడగండి. ఆ నిమిషాలు కూడా ఏ రోజు, ఏ వేళవో అడగండి. మా బంధువులకు ఇల్లు చూస్తున్నప్పుడు ఒక మధ్యవర్తి ఆఫీసుకు ఇరవై నిమిషాలన్నారు. ఆదివారం మధ్యాహ్నం వెళ్లి చూస్తే అది నిజమే, మంగళవారం ఉదయం తొమ్మిదింటికి అదే దారి గంటా పది నిమిషాలు పట్టింది. మ్యాప్‌లో బయలుదేరే రోజునూ సమయాన్నీ ఎంచుకుంటే ‘25 నుంచి 55 నిమిషాలు’ వంటి జవాబు వస్తుంది. అందులో రెండో అంకెనే మీ అంకెగా రాసుకోండి. మెట్రో దగ్గరన్న ప్రకటన చూస్తే స్టేషన్ మెట్ల దాకా నడిచి వెళ్లి సమయం కొలవండి, దారిలో ఫుట్‌పాత్ ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ధర, అద్దె

పది ఫ్లాట్లలో ఎనిమిదింటి అద్దె 18,000 చొప్పున, రెండింటి అద్దె 60,000 చొప్పున ఉంటే సగటు అద్దె 26,400 అవుతుంది. అంత అద్దె కట్టేవారు ఆ పదిమందిలో ఒక్కరూ లేరు. అద్దెలన్నింటినీ తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పెట్టి మధ్యలో ఉన్నది తీసుకుంటే 18,000 వస్తుంది, మీకు కావలసింది అదే. ఖరీదైన గేటెడ్ కమ్యూనిటీ ఒక్కటి వెలిస్తే చాలు, పక్కనున్న పాత కాలనీ సగటు కూడా కాగితం మీద పైకి పోతుంది.

ప్రకటనల్లో కనిపించేది అమ్మేవారు అడిగే ధర. దస్తావేజులో ఉండేది చాలాసార్లు రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం ఖరారు చేసే మార్కెట్ విలువకు దగ్గరగా రాసిన మొత్తం. నిజంగా చేతులు మారిన ధర ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, ఇటీవల అదే భవనంలో కొన్న ఇద్దరు ముగ్గురిని అడిగితే తప్ప తెలియదు. పెరుగుదల శాతాన్ని ఎప్పుడూ ఏడాదికి మార్చుకోండి. ‘ఐదేళ్లలో రెట్టింపు’ అంటే ఏడాదికి సుమారు 15 శాతం, ‘మూడేళ్లలో 30 శాతం’ అంటే సుమారు 9. రాష్ట్ర ప్రభుత్వం 2021 జులైలోనూ 2022 ఫిబ్రవరిలోనూ మార్కెట్ విలువలను పెంచింది కాబట్టి, ఆ తేదీలకు అటూ ఇటూ ఉన్న రిజిస్ట్రేషన్ అంకెలను పోల్చితే పెరిగినట్లు కనిపించే దానిలో కొంత ఆ సవరణదే.

ర్యాంకులతో జాగ్రత్త

నీళ్లు, గాలి, భద్రత, విద్య అన్నీ కలిపి ఒకే మార్కు ఇచ్చే జాబితాలు ఉంటాయి. 2019 మెర్సర్ జీవన నాణ్యత జాబితాలో భారతీయ నగరాల్లో హైదరాబాద్, పుణె కలిసి మొదటి స్థానంలో నిలిచాయి. కేంద్ర ప్రభుత్వ 2020 సులభ జీవన సూచీలో పది లక్షలకు మించిన జనాభా గల నగరాల్లో హైదరాబాద్‌ది 24వ స్థానం, మొదటిది బెంగళూరు. నగరం ఏడాదిలో అంత దిగజారలేదు. మెర్సర్ జాబితా విదేశాల్లో పనిచేయడానికి వెళ్లే ఉద్యోగులకు భత్యాలు నిర్ణయించే కంపెనీల కోసం తయారవుతుంది, రెండోది నగరవాసుల జీవన నాణ్యతను, ఆర్థిక సామర్థ్యాన్ని, సుస్థిరతను కొలవడానికి తయారైంది. ఎవరి అవసరం కోసం, దేనికెంత తూకం వేసి కలిపారో వేరు కాబట్టి ఫలితమూ వేరు. కాలనీలకు మార్కులు వేసే యాప్‌లు ఆ తూకం ఏమిటో కూడా సాధారణంగా చెప్పవు. కలిపిన మార్కును పక్కన పెట్టి, విడి అంకెలను తీసుకుని, మొదట రాసుకున్న కాగితం ప్రకారం మీ తూకం మీరే వేయండి.

ఇక కాగితం పట్టుకుని వెళ్లండి

రెండు మూడు ఇళ్లకు కుదించిన తరువాత ఒక పట్టిక గీయండి. ప్రతి అంకె పక్కన దాని హద్దు, తేదీ రాయండి. దొరకని చోట ఖాళీగానే ఉంచండి, ఊహతో నింపకండి. ఆ ఖాళీలే మీరు వీధిలో అడగవలసిన ప్రశ్నలు. కిరాణా కొట్టు యజమానిని 2020 అక్టోబరులో నీళ్లు ఎంత దాకా వచ్చాయో అడగండి, చాలామంది గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. సెల్లారు గోడల మీద నీటి మరక గీత ఉందేమో, ఈ మధ్యనే రంగు వేసి దానిని కప్పారేమో గమనించండి. వాచ్‌మన్‌ను ట్యాంకర్లు ఏ నెలలో మొదలవుతాయో అడగండి. రాత్రి పది తరువాత ఒకసారి, గట్టి వాన పడుతున్న సాయంత్రం మరొకసారి అక్కడికి వెళ్లండి. నివాస ప్రాంతంలో రాత్రివేళ శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదన్నది నియమం. ఫంక్షన్ హాలు పక్కన ఉన్న పడకగదిలో నిలబడితే ఏ పరికరమూ లేకుండానే ఆ లెక్క తేలిపోతుంది.

కొనాలనుకుంటున్నవారికి వీలైతే మరొక దారి ఉంది. అదే కాలనీలో ముందు పదకొండు నెలల అగ్రిమెంటు మీద అద్దెకు దిగండి. మార్చిలోపు చేరితే ఒక ఎండాకాలమూ ఒక వానాకాలమూ అక్కడే గడుస్తాయి, అప్పుడు మీ పట్టికలో ఖాళీగా మిగిలిన గడులను మీరు స్వయంగా చూసినవాటితో నింపుకుని, ఆ తరువాత అడ్వాన్సు ఇవ్వండి.